చెప్పకుండా వెళ్ళినవాళ్ళు

మూడేళ్ళ కిందట మార్చి తొమ్మిదిన వేణుగోపాల్ తిన్నది కరీమున్ తెచ్చిన ఉప్మా. ఆ తెల్లవారుజామునే అతని భార్య కోటిరత్నం పోయింది. ముద్ద గొంతు దిగదనుకున్నాడు. పక్కింటి కరీమున్ ఎదురుగా కూర్చుని, "తిను అన్నయ్యా, లేకపోతే వదిన నన్ను తిడుతుంది" అంది. తిన్నాడు. అంత దుఃఖంలోనూ ఆవిడ ఉప్మాలో జీడిపప్పు వెయ్యడం మరిచిపోలేదు.

ఈ ఉదయం ఎవరో పెరటి తలుపు తట్టారు. వేణుగోపాల్ వెళ్ళేసరికి చప్పుడు ఆగిపోయింది. గడియకు కొత్త తాళం వేలాడుతోంది. ఆ తలుపు అవతల రెండిళ్ళవాళ్ళూ మిరపకాయలు ఆరబోసుకునే కళ్లం, దాని పక్కనే కరీమున్ ఇల్లు.

"తాళం ఎవరు వేశారమ్మా?"

"నేనే మామయ్యా." కోడలు జ్యోతిర్మయి పొయ్యి మీంచి చూపు తిప్పలేదు. నెల రోజులు బ్రాడీపేటలో పుట్టింట ఉండి, నిన్ననే వచ్చింది.

"మరి కరీమున్ ఎలా వస్తుంది?"

"ఎందుకు రావడం? వాళ్ళకి నా గాలి పడదుగా."

"అదేం మాట?"

ఆమె గరిటె పక్కన పెట్టింది. "అయిదో నెలలో నా కడుపు పోయినరోజు వీధంతా వచ్చింది. కూర్చున్నారు, అన్నం తినిపించారు. తర్వాత ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. వస్తామన్న మాటైనా లేదు. రోజుకి నాలుగుసార్లు 'వస్తానే జ్యోతీ' అనే కరీమున్ పిన్ని కూడా తల దించుకుని వెళ్ళిపోయింది."

వేణుగోపాల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీ అత్తయ్య పోయేనాటికి నువ్వింకా ఈ ఇంటికి రాలేదు. ఆ రోజు కళ్లంలో కాయలు పరిచి ఉన్నాయి. మబ్బు పట్టింది. శ్మశానం నుంచి వచ్చి చూస్తే అన్నీ కుప్ప చేసి, పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి ఉన్నాయి. ఎవరు చేశారో నాకిప్పటికీ తెలీదు. సాయంత్రం దాకా నా దగ్గర కూర్చుని, అందరూ లేచి వెళ్ళిపోయారు. ఒక్కరూ వస్తామనలేదు."

"నేనూ అదేగా అంటున్నది?"

"చావింట్లో ఆ మాట అనరమ్మా. అంటే మళ్ళీ ఇలాంటి పనికే వస్తామన్నట్టు. ఆ ఇంటికి ఇంకో చావు రాకూడదని, మాట్లాడకుండా వెళ్ళిపోతారు."

పొయ్యి మీద పాలు పొంగాయి. జ్యోతిర్మయి చూడలేదు. ఆసుపత్రిలోవాళ్ళూ, అమ్మా, చివరికి భర్త కూడా ఒకటే మాటన్నారు, మళ్ళీ పుడతార్లే అని. చావు అని ఎవరూ అనలేదు.

"అయితే మామయ్యా, వాళ్ళు నా బిడ్డని మనిషిగా లెక్కేశారా?"

అతను తలూపాడు. లేచి స్టవ్ కట్టేశాడు.

ఆమె తాళం తీసి గూట్లో పెట్టింది. కళ్లంలో కరీమున్ ఒక్కతే కాయలు తిరగేస్తోంది.

"ఏమే, ఇన్నాళ్ళకి దారి కనబడిందా? ఊరికే నిలబడకుండా ఓ చెయ్యి వెయ్యి."

జ్యోతిర్మయి వంగింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ, "ఘాటు పిన్నీ" అంది.

"ఊఁ, ఘాటే." కరీమున్ తలెత్తలేదు. "నా మొదటివాడు పురిట్లోనే పోయినప్పుడు నాకూ ఇంతే ఘాటు. మీ అత్త పెరుగన్నం కలిపి తెచ్చింది. నేను తిన్నాక, చెప్పకుండానే వెళ్ళింది."

ఇద్దరూ పొద్దుగూకేదాకా పనిచేశారు. కాయలు కుప్ప చేసి పట్టా కప్పారు. వంటింట్లో టీ తాగాక కరీమున్ గడప దగ్గర ఆగింది.

"వస్తానే జ్యోతీ."

"రా పిన్నీ."

ఆవిడ ఇంట్లో దీపం వెలిగేదాకా జ్యోతిర్మయి అక్కడే నిలబడింది. తర్వాత తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. తాళం గూట్లోనే ఉండిపోయింది.