కొండ ట్రాక్ గోడ మీది బోర్డు

మంగళవారం ఉదయం ఏడూ ఇరవైకి సౌండ్ మీటర్లు బిగించే టెక్నీషియన్ తన వ్యాన్‌లో చనిపోయి కనిపించాడు. వ్యాన్ కొండ ట్రాక్ గేటు బయట ఆగి ఉంది. ఇంజన్ ఆన్‌లో ఉంది. అద్దాలు మూసి ఉన్నాయి. పొగకి ఊపిరాడక పోయాడని పోలీసులు రాసుకున్నారు.

పదకొండింటికి చీఫ్ ఆ రిపోర్టు పక్కకు నెట్టి, అందులో లేని సంగతి ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌కి చెప్పాడు. శవం తల వెనక దెబ్బ ఉంది.

జాతీయ అమెచ్యూర్ కార్ రేసింగ్ ఛాంపియన్‌షిప్ ఈ ఏడాది ఎక్కడ జరపాలో కమిటీ తేల్చాల్సి ఉంది. పోటీలో రెండు ట్రాకులు మిగిలాయి. ఒకటి రేవు ట్రాక్, రెండోది కొండ ట్రాక్. కొండ ట్రాక్‌ని ఆ మధ్య ఒక విదేశీ కంపెనీ కొంది. కొన్న వెంటనే తూర్పు వైపు కొత్త మలుపు వేసింది. ఆ మలుపు రాడార్ కేంద్రం ఫెన్సింగ్ దాకా వెళ్తుంది. అక్కడ మూడు సౌండ్ మీటర్లు పెట్టారు. కార్ల చప్పుడు హద్దు దాటుతోందో లేదో చూసే పెట్టెలు అవి, ప్రతి ట్రాక్‌లోనూ ఉంటాయి. రెండు పెట్టెలు ట్రాక్ వైపు తిరిగి ఉన్నాయి. మూడోది రాడార్ కేంద్రం వైపు తిరిగి ఉంది. అదెందుకని టెక్నీషియన్ అడిగాడు.

"ఎవర్ని అడిగాడు సార్?"

"అడక్కూడని వాణ్ణి."

మూడో పెట్టె సౌండ్ మీటర్ కాదు, రిసీవర్. రాడార్ సిగ్నల్స్ పట్టి, రేడియోలో బయటికి పంపుతుంది. మామూలు రోజుల్లో ఫెన్సింగ్ దగ్గర ఏ రేడియో మోగినా కేంద్రం సెక్యూరిటీ పట్టేస్తుంది. ఛాంపియన్‌షిప్ వారంలో కారుకో రేడియో, గ్యారేజ్‌కో యాంటెన్నా ఉంటాయి. అందులో ఏది ఎవరిదో తేల్చడం కుదరదు. కొత్త రాడార్ పరీక్ష సరిగ్గా ఆ వారమే ఉంది.

అలాంటప్పుడు పెట్టెను పీకేసి, పెట్టినవాళ్లను లోపలేస్తే సరిపోతుంది కదా అన్నాడు ఏజెంట్. సరిపోదన్నాడు చీఫ్. మూడో పెట్టె సంగతి బయటివాళ్లలో ఇద్దరికే తెలుసు. ఒకరు చనిపోయారు. రెండో మనిషి ఆ కంపెనీ తరఫున కమిటీని ఒప్పించడానికి పెట్టుకున్న కన్సల్టెంట్. రెండేళ్లుగా ఆమె మన మనిషి. ట్రాక్‌ని ఆపినా, పరీక్ష తేదీ మార్చినా ఎవరు చెప్పారా అని వాళ్లు ఆలోచిస్తారు. ఎక్కువసేపు ఆలోచించాల్సిన పని ఉండదు.

కాబట్టి కొండ ట్రాక్ వద్దని కమిటీయే తనంతట తాను అనాలి. ప్రభుత్వం ఎక్కడా కనపడకూడదు. ఆమెకు ప్రమాదమైతే 'స్లిక్ టైర్లు ఉన్నాయా' అని మెసేజ్ వస్తుంది. అంతా అయ్యాక క్షేమంగా బయటపడితే 'రెయిన్ టైర్లు ఉన్నాయా' అని వస్తుంది.

"ఏడుగురు మనుషులు," అన్నాడు చీఫ్. "వారమంతా వేరే ఉద్యోగాలు, ఆదివారం కార్లు. ఒప్పించలేవా?"

ఒప్పించగలనన్నాడు ఏజెంట్. మూడు వారాల తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుందామని ఫోన్ చేశాడు. చీఫ్ మీటింగ్‌లో ఉన్నాడు.

కమిటీలో ఒక సభ్యుడు కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. అతని బదులు ఒక చిన్న క్లబ్ ప్రతినిధిగా ఏజెంట్‌ని కూర్చోబెట్టారు. వేషానికి రేస్ కారు కావాలి. డిపార్ట్‌మెంట్ దగ్గర బుల్లెట్‌ప్రూఫ్ కార్లే ఉన్నాయి. ఏజెంట్ తన బావమరిది కారు అడిగాడు. బావ ఇన్సూరెన్స్‌లో పనిచేస్తాడని బావమరిది నమ్మకం. ఈ వయసులో ఈ సరదా ఏమిటని అక్కను విడిగా అడిగి, కారు ఇచ్చాడు. ఇచ్చిన రోజు నుంచి పూటకోసారి ఫోన్ చేశాడు.

"బావా, క్లచ్ మీద కాలు ఆనించి నడపకు. అలవాటుందిగా నీకు."

"లేదురా."

"ఆ కొండ ట్రాక్ క్లబ్‌హౌస్‌లో రికార్డుల బోర్డు ఉంటుంది. చిన్న కార్ల క్లాస్‌లో నా పేరుంది. ఒక ఫోటో తీసి పెట్టు."

పెడతానన్నాడు ఏజెంట్. పెట్టలేదు.

డిపార్ట్‌మెంట్ ఇచ్చింది ఒక హెల్మెట్. అందులో మైకున్న రేడియో ఉంది. యాభై మీటర్ల లోపు మాటల్ని పట్టి రికార్డు చేస్తుందని ల్యాబ్ వాళ్లు చెప్పారు. మొదటి వారమంతా పక్క గ్యారేజ్ మెకానిక్ పాటలు పట్టింది.

మొదటి మీటింగ్‌లో సగం పూట టాయిలెట్ల మీద నడిచింది. రేవు ట్రాక్‌లో టాయిలెట్లు తక్కువని కమిటీ ఛైర్మన్ గట్టిగా చెప్పాడు. ఆయన పళ్ల డాక్టరు, అరవై దాటాయి. ఏజెంట్ కొండ ట్రాక్ కొత్త మలుపు సంగతి ఎత్తాడు. ఫెన్సింగ్ మరీ దగ్గరగా ఉంది, కారు జారితే ఆగడానికి చోటు లేదన్నాడు. కన్సల్టెంట్ లేచింది. ఎర్ర స్కార్ఫ్, చేతిలో రిమోట్. టైర్ల గోడ వెడల్పు, ఢీకొట్టించి చూసిన పరీక్షల వీడియో, వేరే దేశాల్లో అలాంటి మలుపులు, వరసగా తెర మీద చూపించింది. లేత్ వర్క్‌షాప్ యజమాని ఒకాయన చప్పట్లు కొట్టాడు.

రెండో మీటింగ్‌లో ఏజెంట్ దూరం సంగతి తెచ్చాడు. కార్లను ట్రైలర్ల మీద కొండ ఎక్కించడం కష్టమన్నాడు. కంపెనీయే లారీలు పంపుతుందని ఆమె చెప్పింది. మూడో మీటింగ్‌లో కొండ మీద పొగమంచు గురించి మాట్లాడాడు. ఆమె పదేళ్ల వాతావరణం తెర మీద పెట్టింది. కమిటీలో ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ ఒకావిడ ఉంది. ఆ గ్రాఫ్ తన క్లాసులో చూపిస్తానని అడిగి తీసుకుంది.

ప్రతి మీటింగ్‌లోనూ చివరి వరసలో ఒక మనిషి కూర్చునేవాడు. కంపెనీ డైరెక్టర్. ఈ దేశంలో చాలా ఏళ్లున్నవాడు, భాష వచ్చినవాడు. మాట్లాడేవాడు కాదు. తెర వైపు కాక ఆమె వైపు చూసేవాడు.

కమిటీ రెండు ట్రాకులూ నడిపి చూసింది. అది వాళ్ల పద్ధతి. ఎవరి కారు వాళ్లు నడిపి, ఆ తర్వాతే ఓటు వేస్తారు. కొండ ట్రాక్‌లో మొదటి లాప్ అయ్యేసరికి వర్క్‌షాప్ యజమాని ఏజెంట్‌కి నత్త అని పేరు పెట్టాడు. సాయంత్రానికి ఛైర్మన్ కూడా "నత్త గారూ, టీ తీసుకోండి" అన్నాడు.

ఆ టీ దగ్గరే ఏజెంట్ రెండు సంగతులు చూశాడు. ఛైర్మన్ క్లబ్‌హౌస్ గోడ ముందు కళ్లజోడు తీసి నిలబడ్డాడు. వర్క్‌షాప్ యజమాని అదే గోడ మీద ఏదో చేతిరుమాలుతో తుడిచాడు. ఏజెంట్ ఆ రెంటినీ పట్టించుకోలేదు. క్లచ్ నుంచి వాసన వస్తోంది. దాని గురించి ఇంట్లో ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు.

కన్సల్టెంట్‌తో మాట్లాడటానికి ఒకే అవకాశం దొరికింది. గ్యారేజ్‌లో ఎవరో ఇంజన్ రేజ్ చేస్తున్నారు. ఆమె బ్రోచర్ ఇస్తున్నట్టు వచ్చి పక్కన నిలబడింది.

"మీరు మరీ ఇంత బాగా మాట్లాడకపోతేనేం," అన్నాడు ఏజెంట్.

"వెనక ఆయన కూర్చుంటాడు. నేను తడబడితే ఎందుకు తడబడ్డానా అనుకుంటాడు."

"అయిదు ఓట్లు మీకే పడేలా ఉన్నాయి."

"తెలుసు. తెచ్చింది నేనే." బ్రోచర్ పేజీ తిప్పింది. "ఈ ఉద్యోగంలో ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. ఎవరికైనా చెప్పుకుందామంటే కుదరదు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"నాకంటే బాగా మాట్లాడండి. చేతకాకపోతే ఆయన చేత మాట్లాడించండి. ఆయనకి కార్లంటే చిరాకు. ఈ మనుషులంటే ఇంకా చిరాకు."

ఇంజన్ ఆగింది. టైర్ల గోడ వెడల్పు ఎంతో మరోసారి వివరించి ఆమె వెళ్లిపోయింది.

ఓటింగ్ కొండ ట్రాక్ క్లబ్‌హౌస్ పై అంతస్తులో పెట్టారు. బయటి మెట్ల మీదుగా అందరూ పైకి వెళ్లారు. అంతకు ముందు రోజు సాయంత్రం చీఫ్ ఫోన్ చేసి, ఇంకా తేలలేదా అని అడిగాడు. తేలిపోయింది, అదే ఇబ్బంది అన్నాడు ఏజెంట్.

మధ్యాహ్నం టీకి విరామం ఇచ్చారు. విరామం అవగానే చేతులెత్తడమే. ఫోన్ మోగింది.

"బావా, ఆ ఫోటో."

"ఇప్పుడా?"

"ఇవాళే కదా అక్కడ ఆఖరు రోజు? తొమ్మిదేళ్లయింది ఆ పేరెక్కి. మా అబ్బాయి నమ్మట్లేదు. నీకిదంతా చిన్నతనంగానే ఉంటుందిలే బావా, నీకు కారంటే ఆఫీసుకెళ్లడానికే."

ఏజెంట్ మెట్లు దిగి హాల్లోకి వెళ్లాడు. గోడ మీద బోర్డు లేదు. బోర్డు ఉన్న మేర గోడ రంగు వేరుగా ఉంది. మూలల్లో స్క్రూ రంధ్రాలు ఉన్నాయి. పక్కన ప్యాకింగ్ విప్పని డిజిటల్ స్క్రీన్ గోడకు ఆనించి ఉంది. ఏజెంట్ గోడ ముందు టీ చల్లారేదాకా నిలబడ్డాడు. కళ్లజోడు తీసిన ఛైర్మన్, చేతిరుమాలు తీసిన యజమాని అప్పుడు గుర్తొచ్చారు.

పైకి వెళ్లేసరికి ఛైర్మన్ లేచి నిలబడి ఉన్నాడు. కొండ ట్రాక్‌కి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అన్నాడు. మూడు చేతులు లేచాయి. నాలుగో చెయ్యి ఎత్తడానికి ఛైర్మన్ కాగితం కింద పెట్టాడు.

"ఒక్క ప్రశ్న ఉందండీ," అన్నాడు ఏజెంట్. "డైరెక్టర్ గారికి."

"నేను చెప్తాను," అంటూ కన్సల్టెంట్ లేచింది.

"ట్రాక్ ఆయనది మేడమ్. ఆయన్నే చెప్పనివ్వండి." ఏజెంట్ వెనక్కి తిరిగాడు. "కింద హాల్లో రికార్డుల బోర్డు కనపడలేదు. ఏమైందండీ?"

డైరెక్టర్ కాలు మీద కాలు తీశాడు. "ఆ చెక్కా? తీయించేశాం. స్క్రీన్ పెడుతున్నాం."

"దాని మీద పేర్లు?"

"కొత్త మలుపుతో లాప్ పొడవు మారింది కదా. పాత టైములకి విలువ లేదు. ఛాంపియన్‌షిప్ నుంచి అన్నీ కొత్తగా మొదలవుతాయి."

లెక్చరర్ ఎత్తిన చెయ్యి దించింది. లేఅవుట్ మారితే పాత రికార్డులు పోతాయన్నది కమిటీ రూల్ పుస్తకంలోనే ఉంది. కొత్త మలుపు అన్న మాట మూడు వారాలుగా వింటున్నారు. ఆ రెంటినీ ఎవరూ కలిపి చూడలేదు. బోర్డు మీద గదిలోని నలుగురి పేర్లున్నాయి. కన్సల్టెంట్ వెంటనే లేచి, పాత పేర్లన్నీ స్క్రీన్ మీద విడిగా చూపిస్తామని మాట ఇచ్చింది. ఆమె పని ఆమె చివరిదాకా చేసింది. డైరెక్టరే ఆమెను కూర్చోమన్నాడు.

"బోర్డు ఎక్కడుంది?" అని వర్క్‌షాప్ యజమాని అడిగాడు.

"షెడ్డు వెనక పడేశారు. చెత్తతో కాల్చారేమో."

ఛైర్మన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"దాని మీద నా పేరుందండీ."

"పేరే కదా డాక్టర్ గారూ. మళ్లీ నడిపి రాయించుకోండి."

"నాకప్పుడు ముప్పై నాలుగు," అన్నాడు ఛైర్మన్.

డైరెక్టర్ ఫోన్ చూసుకుంటున్నాడు.

ఓటింగ్ మళ్లీ మొదటి నుంచి పెట్టారు. రేవు ట్రాక్‌కి అయిదు, కొండ ట్రాక్‌కి రెండు వచ్చాయి. టాయిలెట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. వర్క్‌షాప్ యజమాని, లెక్చరర్ తిన్నగా షెడ్డు వెనక్కి వెళ్లారు. ఛైర్మన్ మెట్లు మెల్లగా దిగి వాళ్ల వెనకే వెళ్లాడు. బోర్డు ఒక అంచు కాలింది. ముగ్గురూ దాన్ని ట్రైలర్‌లో కారు పక్కన పెట్టి తాడు కట్టారు. ఏజెంట్ అక్కడే ఫోటో తీసి బావమరిదికి పంపాడు. క్లచ్ ఎలా ఉందని జవాబు వచ్చింది.

ఏజెంట్ హెల్మెట్ అప్పుడు కారు సీట్లో ఉంది. డైరెక్టర్ తన కారును దాని పక్కనే ఆపాడు. రేడియో మొదటిసారి ఒక మాట పట్టింది. డైరెక్టర్ తన పైవాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఒక చెక్క ముక్క కోసం వద్దన్నారు, ఈ పిచ్చివాళ్లతో వ్యాపారం కుదరదు అన్నాడు. అవతలివాళ్లు ఏదో అడిగారు. "ఆమె తప్పేం లేదు," అన్నాడు. "నేనే మాట్లాడాను."

నాలుగు రోజుల తర్వాత ఇద్దరు మనుషులు వచ్చి మూడో పెట్టెను విప్పుకుపోయారు. వాళ్లు వెళ్లిన ఇంటి అడ్రసు చీఫ్ దగ్గరికి చేరింది. రాడార్ పరీక్ష అనుకున్న తేదీకే జరిగింది. టెక్నీషియన్ ఫైలు మార్చమని ఏజెంట్ రెండుసార్లు అడిగాడు. ఇప్పుడే కాదన్నాడు చీఫ్. ఫైల్లో పొగ అనే ఉంది. కన్సల్టెంట్ కంపెనీ ఉద్యోగం మానేసి దేశం దాటింది. ఆమె నుంచి ఏ కబురూ లేదు.

ఛాంపియన్‌షిప్ రేవు ట్రాక్‌లో మొదలైంది. ఎంట్రీ వెనక్కి తీసుకుంటే అనుమానం వస్తుందని చీఫ్ అన్నందువల్ల ఏజెంట్ పోటీలో నడిపాడు. క్వాలిఫైయింగ్‌లో ఆఖర్న వచ్చాడు. స్టార్టింగ్ గ్రిడ్ మీద చివరి గడిలో కారు ఆపి, హెల్మెట్ పెట్టుకోబోతుండగా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఎవరి నంబరో తెలియలేదు.

'రెయిన్ టైర్లు ఉన్నాయా?'

లేవని జవాబిచ్చి, ఫోన్ ఆఫ్ చేశాడు.

ఆ రోజు రేవు ట్రాక్‌లో వాన పడలేదు.