ఇద్దరికీ ఒకటే సంఖ్య

మందులపెట్టె మీది శేషదర్శిని మళ్ళీ ఎర్రగా వెలిగింది. పెట్టె తెరుచుకోలేదు.

"ఇంకోపాలి పెట్టు నర్సమ్మా!" అంది గున్నమ్మ. ఆమె ఒళ్ళో కూతురు ముత్యాలు ఊపిరందక ఎగపోస్తోంది.

నర్సు సుభాషిణి పిల్ల వేలిని యంత్రం అద్దానికి ఆనించింది. ఎరుపే. "శేషం వస్తోంది వదినా. మీ కుటుంబలబ్ధంలో ఈ పిల్ల లేదంటోంది."

"నేకపోడమేటి? నా కడుపున పుట్టినాది కాదా?"

పుట్టిన ప్రతి బిడ్డకూ ప్రభుత్వం ఒక పెద్ద ప్రధానసంఖ్య ఇస్తుంది. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ అది నిశ్శేషంగా భాగింపబడదు. ఇంటిల్లిపాది సంఖ్యలనూ గుణిస్తే వచ్చేది కుటుంబలబ్ధం. రాస్తే గోడంత పొడవు. దాన్ని మనిషి సంఖ్యతో భాగించినప్పుడు శేషం సున్నా వస్తేనే బడి తలుపైనా, మందులపెట్టె అయినా తెరుచుకుంటుంది.

ఈ మత్స్యకారుల పేటలో మాత్రం కవలలను ఒక్క మనిషిగానే చూస్తారు. ఒకే ఉయ్యాల, ఒకే కంచం. గున్నమ్మ కవలపిల్లలకు సంఖ్యలిచ్చే రోజున ఆమె అత్త గుమ్మానికి అడ్డం కూర్చుంది. "రెండిచ్చినారంటే ఒకదాన్నొకటి ఒగ్గేసి పోతాయి. ఒకటే ఇయ్యండి బాబూ!" అధికారి విసిగి, ఒకే సంఖ్యతో లబ్ధాన్ని రెండుసార్లు గుణించి వెళ్ళిపోయాడు. పగడాలు, ముత్యాలు ఒకరి బదులు ఒకరు వేలు పెట్టి, యంత్రాన్ని వెక్కిరిస్తూ పెరిగారు.

ఈ ఉదయం ఇదే జ్వరంతో పగడాలు పోయింది.

సుభాషిణికి చటుక్కున అర్థమైంది. "చావు నమోదు చేసింది నేనే వదినా. పోయినవాళ్ళ సంఖ్య ఎవరి చేతా పడకూడదని, అది లబ్ధంలో ఎన్నిసార్లు ఉంటే అన్నిసార్లూ భాగించేస్తుంది యంత్రం. రెండుసార్లూ భాగించేసింది."

"మరైతే మళ్ళీ గునించు!"

"అది రాజధానిలోనే అవుతుంది. అందాకా పిల్ల ఆగదు. పొరపాటున రాశానని చావును వెనక్కి తీసుకోగలను. దహనం అయిపోతే అదీ కుదరదు."

గున్నమ్మ దహనశాల దగ్గరున్న మొగుడికి ఫోను చేసింది.

"ఇప్పుడే లోపలికి పంపుతున్నామే," అన్నాడు ఎల్లాజీ.

"కాల్చకు! ఎత్తుకొచ్చెయ్!"

"మతి పోనాదేటే నీకు? పిల్ల పాడెక్కినాది!"

"దించు! రెండోదాన్ని కూడా ఎక్కిస్తావేటి?"

అవతల గాలి హోరు. తరువాత, "ఆపండ్రా!" అన్న కేక.

సుభాషిణి చావును చెరిపేసింది. దీపం పచ్చబడింది. సూదిమందు పడ్డాక, మెల్లమెల్లగా ముత్యాలు ఊపిరి కుదుటపడింది.

"వదినా," అంది సుభాషిణి గున్నమ్మ చెయ్యి పట్టుకుని, "కొత్త సంఖ్య వచ్చేదాకా పగడాలు బతికున్నట్టే. దహనశాల తీసుకోదు. పేటలో ఎవరూ పైకి ఏడవకూడదు. అధికారులు వింటే మళ్ళీ చావు రాసేస్తారు."

ఎల్లాజీ వచ్చాడు. నిద్రపోయిన పిల్లను మోసినట్టు పగడాలును భుజాన వేసుకున్నాడు. దారిలో ఎవరో "పడుకున్నాదేటి మావా?" అంటే, "ఊఁ" అన్నాడట.

గున్నమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

ముత్యాలు కళ్ళు తెరిచింది. అయ్య భుజం మీద అక్క జుట్టు కనిపించింది. ఓపిక కూడదీసుకుని గోడవైపు జరిగి, మంచం మీద చోటు చేసింది.

"అక్కని ఇక్కడెయ్యి అయ్యా."