సాయిసుధ వేసుకోని చెప్పులు

"అమ్మా, పార్సిల్ వచ్చింది!"

సాయిసుధ అట్టపెట్టెను రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఆ రోజు శనివారం, బడికి సెలవు. వంటింట్లో పప్పు ఉడుకుతోంది. అమ్మ మనోజ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "జర కత్తెర తీస్కరా" అంది.

ఫిల్మ్‌నగర్‌లోని ఆ ఇంటికి పార్సిళ్లు రావడం కొత్తేమీ కాదు. మనోజ "మనోజ మెచ్చింది" అనే చిన్న వీడియో ఛానల్ నడుపుతోంది. ఆన్‌లైన్‌లో ఆడవాళ్లకు పనికొచ్చే కొత్త కొత్త వస్తువులు వెతికి తెప్పిస్తుంది. వాడి చూసి, బాగుంటే బాగుందని, లేకపోతే లేదని చెబుతుంది.

కుర్తీ వస్తే ముందు దాన్ని తెల్ల చేతిరుమాలుతో కలిపి బకెట్లో నానబెడుతుంది. రుమాలుకు రంగు అంటిందో, ఆ కుర్తీ పని అయిపోయినట్టే. కమ్మలు వస్తే చెమట పట్టేదాకా పెట్టుకుని తిరుగుతుంది. నీళ్ల సీసా వస్తే సంచిలో తలకిందులుగా పెట్టుకుని కూరగాయలకు వెళ్లొస్తుంది. అందుకే ఆ చుట్టుపక్కల చాలామంది ఆడవాళ్లు, "మనోజక్క చెప్పిందా? అయితే తీసుకోవచ్చు" అనుకుంటారు.

ఈసారి పెట్టెలో చెప్పులున్నాయి. లేత బంగారు రంగువి. ముందు పట్టీకీ మడమ వెనక పట్టీకీ వరసగా తెల్లటి ముత్యాలు కుట్టి ఉన్నాయి.

"అబ్బ! ఎంత మంచిగున్నయ్!" అంది సాయిసుధ.

మనోజ కాలు పెట్టి చూసింది. సగం పాదం బయటే ఉండిపోయింది. "నేను అడిగిన సైజు కాదిది. చిన్నది పంపిండ్రు. నీకు పడ్తయేమో చూడు."

సాయిసుధ ఏడో తరగతి. పొడుగ్గా ఎదుగుతోంది. చెప్పులు ఆమె కాళ్లకు కొలిచి చేసినట్టు సరిపోయాయి.

"అయితే ఈసారి పని నీదే" అంది మనోజ. "పొద్దుగూకేదాకా ఇవే వేస్కో. ఇంట్ల కాదు, బయట తిరుగు. మెట్లెక్కు, దిగు, దుకాణానికి పో. సాయంత్రం వీడియోల నువ్వే చెప్పు."

"నేనా? నిజంగ నేనే చెప్పాల్నా?"

"వేస్కున్నోళ్లే చెప్పాలె కదా!"

సాయిసుధ సంతోషంగా గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. వీధిలో పైపుల కోసం రోడ్డు తవ్వారు. ఎక్కడ చూసినా ఎర్రమట్టి. మరుసటి రోజు జూబ్లీహిల్స్‌లో నిహారిక పుట్టినరోజు. నిహారిక తన క్లాసే. ఆ పార్టీకి ఈ చెప్పులు వేసుకెళ్తే అందరూ చూస్తారు. ఈ రోజే మట్టిలో తిరిగితే ముత్యాలు ఎర్రబడిపోవూ?

ఆమె చెప్పులు విప్పి జాగ్రత్తగా పెట్టెలో పెట్టింది. పాత రబ్బరు చెప్పులు తొడుక్కుని ఆడుకోవడానికి వెళ్లిపోయింది.

సాయంత్రం మనోజ కిటికీ పక్కన ఫోన్‌ను స్టాండుకు బిగించింది. "ఏమన్న కరిచినయా? వేళ్ల దగ్గర బిగుతుగున్నయా?"

"లేదమ్మా. మస్తున్నయ్."

"పొద్దంతా వేస్కున్నవ్ కదా?"

సాయిసుధ ఒక్క క్షణం కిటికీ వైపు చూసింది. "వేస్కున్న" అంది.

మనోజ ఇంకేమీ అడగలేదు. వీడియో మొదలైంది. సాయిసుధ అమ్మలాగే నవ్వింది, అమ్మలాగే చేతులు తిప్పింది. "పొద్దుటి నుంచి ఇవే వేసుకుని తిరుగుతున్నా. దూది మీద నడిచినట్టుంది! రోజంతా నిలబడి పనిచేసే అక్కలు, ఆంటీలు కూడా హాయిగా తీసుకోవచ్చు" అంది. చివరి మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. బాగుంటుందనిపించింది, అనేసింది.

పార్టీలో చెప్పులను అందరూ మెచ్చుకున్నారు. తర్వాత వాటిని గుమ్మం బయటే విడిచి, కేకు కోసేదాకా, పాటలు అయ్యేదాకా అందరూ వట్టి కాళ్లతోనే ఆడారు. వెళ్లడం ఆటోలో, రావడం ఆటోలో.

వీడియోను చాలామంది చూశారు. "పాప ఎంత ముద్దుగా చెప్పింది" అని కామెంట్లు పెట్టారు. బడిలో కూడా ఇద్దరు టీచర్లు చూశామన్నారు. సాయిసుధకు నేల మీద కాలు నిలవలేదు.

వాళ్ల మేడ మీద గదిలో హెలెన్ కిరాయికి ఉంటుంది. ఊరు కాకినాడ. సినిమా షూటింగుల్లో కాస్ట్యూమ్స్ విభాగంలో సహాయకురాలు. నటులకు బట్టలు అందించడం, మడతలు పడితే ఇస్త్రీ చేయించడం, ఊడిన గుండీ కుట్టడం, ఇలా రోజంతా కాళ్ల మీదే ఉంటుంది. సాయిసుధ అంటే ఆమెకు ఇష్టం. తీరిక దొరికితే షూటింగు కబుర్లు చెబుతుంది.

ఒక రోజు మెట్ల మీద కనబడి, "సాయీ, నీ వీడియో చూసి నేనూ ఆ చెప్పులే తెప్పించుకున్నాను. రేపు కొత్త డిజైనర్ గారి దగ్గర మొదటి రోజు. కాస్త నీటుగా కనబడాలి కదా!" అంది.

"మంచిగుంటయ్ అక్కా" అంది సాయిసుధ.

మర్నాడు సాయంత్రం సాయిసుధ మెట్ల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. హెలెన్ గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతోంది. ముత్యాల చెప్పులు చేతిలో ఉన్నాయి. రెండు మడమల మీదా చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది.

"అక్కా! ఏమైంది?"

"ఏం లేదురా. కొత్త చెప్పులు కదా, కరిచాయి. మధ్యాహ్నానికి నడవలేక విప్పేసి వట్టి కాళ్లతో తిరిగాను. నేలేమో కాలిపోతోంది." హెలెన్ మెట్టు మీద కూర్చుంది. "రేపట్నుంచి పాట షూటింగుంది. దాని కోసం ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాను. ఈ కాళ్లతో పరుగెత్తలేనని ఇంకో అమ్మాయిని పిలిచారు."

సాయిసుధ ఆ మడమల వైపే చూస్తోంది.

"చెప్పుల తప్పేముందిలే" అంది హెలెన్. "నువ్వు రోజంతా తిరిగావు, నీకేం కాలేదుగా. నా కాళ్లే పనికిమాలినవి."

ఆమె లేచి మెల్లగా పైకి వెళ్లిపోయింది. లెక్క సాయిసుధ ముందు సగంలోనే ఆగిపోయింది.

ఇంట్లోకి వెళ్లి, మంచం కింద నుంచి పెట్టె లాగి చెప్పులు తొడుక్కుంది. ఎవరికీ ఏమీ చెప్పకుండా బయటికి నడిచింది. తవ్విన రోడ్డు దాటి పాల దుకాణం దాకా బాగానే ఉన్నాయి. మిట్ట ఎక్కేటప్పుడు మడమ వెనక ఏదో గీరుకోసాగింది. గుడి దగ్గరికి వచ్చేసరికి మంట మొదలైంది. ఒక అరుగు మీద కూర్చుని వెనక పట్టీని తిప్పి చూసింది. పైకి ముత్యాలు నున్నగా ఉన్నాయి. లోపలి వైపు, ముత్యాలు కుట్టిన దారం ముడులు గట్టిగా గింజల్లా నిలబడి ఉన్నాయి. ఒక్కో అడుగుకూ అవే చర్మాన్ని కోస్తున్నాయి.

హెలెనక్క కాళ్లకు ఏ లోపమూ లేదు.

ఆమె తిరిగి ఇంటికి వచ్చేసరికి మనోజ రొట్టెలు చేస్తోంది. కూతురి కుంటి నడక చూసి, "ఏంది, ఏమైంది?" అంది.

"అమ్మా, ఇవి కరుస్తయ్."

"గదేంది? ఆ రోజు పొద్దంతా వేస్కున్న అన్నవ్ కదా?"

"వేస్కోలే." సాయిసుధ చెప్పులు విప్పి పక్కన పెట్టింది. "మట్టి అంటుతదని పెట్టెల పెట్టిన. అబద్ధం చెప్పిన."

తర్వాత హెలెన్ సంగతంతా చెప్పింది. మనోజ పొయ్యి ఆపేసింది. చేతులకంటిన పిండి తుడుచుకుంది. అరిస్తే బాగుండేదనిపించింది సాయిసుధకు.

మనోజ ఫోన్ తీసి వీడియో కింది కామెంట్లు చూసింది. ఒకటి పైకి చదివింది. "మా అమ్మ బోరబండలో బట్టల దుకాణంల పనిచేస్తది. పొద్దంతా నిలబడే ఉంటది. పాప చెప్పిందని అమ్మ కోసం ఆర్డర్ పెట్టిన."

సాయిసుధ తల దించుకుంది.

"నాదీ ఉంది తప్పు" అంది మనోజ. "నీ కాళ్లు చూడకుండ, ఒక్క మాట అడిగి ఊకున్న." ఆమె వేలు ఫోన్ మీద ఆగింది. "ఇది తీసేస్త."

"తీసేస్తే కొన్నోళ్లకు ఎట్ల తెలుస్తది అమ్మా?"

మనోజ కూతురి వైపు చూసింది. "తెల్వది" అంది మెల్లగా.

"అయితే ఇంకో వీడియో చేద్దాం. నేనే చెప్త. కానీ ముందు హెలెనక్క దగ్గరికి పోయొస్త."

మేడ మీద గదిలో హెలెన్ ఉప్పు వేసిన వేడినీళ్ల టబ్బులో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. సాయిసుధ గుమ్మం దగ్గరే నిలబడింది. వచ్చేటప్పుడు ఎన్నో మాటలు అనుకుంది. ఒక్కటీ గుర్తు రాలేదు.

"అక్కా, నీ కాళ్లు మంచివే. చెప్పులే మంచివి కావు. నేను ఆ రోజు వాటిని అసలు వేస్కోలే. ఊరికే చెప్పిన."

హెలెన్ తలెత్తి చూసింది. టబ్బులో నీళ్లు కదలడం ఆగిపోయింది.

"మధ్యాహ్నం నుంచీ నా కాళ్లనే తిట్టుకుంటున్నాను, తెలుసా?" అంది హెలెన్. "ఆ చిన్నపిల్ల నడిచింది, నేను నడవలేకపోయానే అని."

"సారీ అక్కా."

"ఆ పాట పోయింది సాయీ. నువ్వు సారీ చెప్పినా అది తిరిగి రాదు."

సాయిసుధ కళ్లు నిండిపోయాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. అలాగే నిలబడింది. హెలెన్ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత ఆమె చూపు సాయిసుధ కాళ్ల మీద పడింది.

"ఏంటది? నీకూ కోసుకుపోయిందా?"

"ఇందాక వేస్కొని గుడి దాకా పోయిన. నిజంగ ఎట్లుంటయో చూద్దామని."

హెలెన్ నిట్టూర్చింది. పక్కనున్న సంచి దగ్గరికి లాక్కుని అందులోంచి ప్లాస్టర్ల పొట్లం తీసింది. "రా, కూర్చో. మట్టి తగిలితే చీము పడుతుంది" అంది. ఆమె ముఖంలో నవ్వు లేదు. కానీ ప్లాస్టర్ అంటించిన చేయి మాత్రం చాలా మెత్తగా ఉంది.

మర్నాడు బడి నుంచి రాగానే సాయిసుధ ఫోన్ ముందు కూర్చుంది. ఈసారి చేతులు తిప్పలేదు. వెనక్కి తిరిగి మడమ చూపించింది. పట్టీ లోపలి ముడులు దగ్గరగా చూపించింది.

"పోయిన వీడియోల నేను అబద్ధం చెప్పిన. ఆ రోజు ఈ చెప్పులు వేస్కొని తిరగలే. నిన్న తిరిగిన, గిట్ల అయింది. ఇంకా కొననోళ్లు కొనకుర్రి. కొన్నోళ్లు తిరిగి పంపియ్యిర్రి. నా మాట నమ్మి వేస్కున్న ఒక అక్క కాళ్లు కోసుకుపోయినయ్. తప్పు నాది, మా అమ్మది కాదు."

మనోజ ఒక్క ముక్క కూడా కత్తిరించకుండా దాన్ని పెట్టేసింది.

కొందరు కోపంగా రాశారు. ఇక మీదట ఈ ఛానల్ చూసేది లేదన్నారు. సాయిసుధకు ఫోన్ పక్కన పెట్టేయాలనిపించింది. అయినా అన్నీ చదివింది. బోరబండ అమ్మాయి మాత్రం ఇలా రాసింది: "చెప్పులు ఇంకా రాలేదు, ఆర్డర్ క్యాన్సిల్ చేసిన. మా అమ్మకు పనికొచ్చేవి ఏమన్న ఉంటే చూసి చెప్పు."

హెలెన్ కాళ్లు మానడానికి కొన్నాళ్లు పట్టింది. తర్వాత ఇంకో సినిమాలో పని దొరికింది. ఆ పాట మాత్రం ఎప్పుడైనా టీవీలో వస్తే, ఆమె ఒక్క క్షణం చూసి ఊరుకునేది. మళ్లీ మెట్ల మీద కూర్చుని సాయిసుధకు షూటింగు కబుర్లు చెప్పడానికి ఇంకొంత కాలం పట్టింది.

వానాకాలం మొదట్లో మనోజ ఒక రెయిన్‌కోటు తెప్పించింది. డ్రెస్ మీద వేసుకునే పొడుగుది, నీలం రంగుది. అన్నిటికంటే చిన్న సైజు సాయిసుధకు సరిపోయింది. కానీ ఆ వారమంతా చుక్క వాన లేదు. "కోటు ఎట్లుంది?" అని ఛానల్‌లో అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు.

"బాల్టీతో నీళ్లు పోసి చూద్దామా?" అంది మనోజ నవ్వుతూ.

"వద్దమ్మా. నిజం వాన పడనియ్యి."

ఆదివారం మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. ఉరుము ఉరిమింది. చూస్తుండగానే వీధంతా నీళ్లయింది. సాయిసుధ కోటు తొడుక్కుని కిందికి పరుగెత్తింది. వీధి చివర దాకా వెళ్లింది, తిరిగి వచ్చింది. వంగింది, ఎగిరింది, చేతులు పైకెత్తి నిలబడింది.

హెలెన్ పై నుంచి చూసి నవ్వింది. "ఎలా ఉంది సాయీ? బాగుందా? నేనూ తెప్పించుకోనా?"

సాయిసుధ చేయి లోపలికి పెట్టి భుజం తడిమి చూసుకుంది. ఇప్పటిదాకా పొడిగానే ఉంది.

"ఉండక్కా, ఇంకా వాన తగ్గలే!" అని అరిచి, మళ్లీ వీధి చివరికి నడిచింది.