జేబు మీద పేరు

శనివారం మధ్యాహ్నం పన్నెండు దాటింది. చర్చి వెనక హాల్లో పదకొండు మంది పిల్లలు నేల మీద బోర్లా పడుకుని పోస్టర్లు చేస్తున్నారు. ఎక్కడ చూసినా కత్తెరలు, జిగురు, రంగు కాగితాలు. ఎవరో నిమ్మరసం కూడా ఒలకబోశారు. ఫిబ్రవరి వచ్చిందంటే మా హాలు అంతే.

అమెరికా దక్షిణాన, అలబామాలో మాది చిన్న ఊరు, నల్లజాతి వాళ్ళ చర్చి. ఫిబ్రవరి అంటే దేశమంతా నల్లజాతి చరిత్ర నెల, అందుకని ప్రతి ఏడూ ఆ నెల చివరి ఆదివారం మా పిల్లలు స్టేజి ఎక్కి, నల్లజాతి వాళ్ళలో ఏదో ఒక పని మొట్టమొదట చేసి చూపించిన వాళ్ళ గురించి చెబుతారు. టోబయస్ ఈసారి విమానం నడిపిన బెస్సీ కోల్మన్‌ని ఎంచుకున్నాడు. వీపుకి అట్టరెక్కలు కట్టుకుని తిరుగుతున్నాడు.

"ఒరేయ్, ఆవిడ ఆడమనిషి కదరా" అన్నాను.

"విమానానికి ఆ సంగతి తెలుస్తుందా, మిస్ రోండా?" అన్నాడు.

రోండా అంటే నేనే; మా వైపు పెళ్ళయినా కాకపోయినా పెద్దాడవాళ్ళని పేరు ముందు మిస్ చేర్చి పిలవడం మర్యాద. వీళ్ళకి సండే స్కూల్లో పాఠాలు చెప్పేది నేనే.

పదేళ్ల జరియా మాత్రం పుస్తకాల్లో వాళ్ళెవరినీ ఎంచుకోలేదు. "నాకు మా పక్కింటావిడ కావాలి" అంది.

ఆ పక్కింటావిడ మిసెస్ ఎర్లీన్ టాలివర్. ఎనభై ఆరేళ్ళు. మా ఊరి కౌంటీ ఆసుపత్రిలో, ఒకప్పుడు తెల్లవాళ్ళకే ఉన్న వార్డులో పనిచేసిన మొదటి నల్లజాతి నర్సు ఆవిడే. ఆదివారం ఆవిడకి షీల్డు ఇవ్వడానికి ఆసుపత్రి పెద్దాయన కూడా వస్తున్నాడు. జరియా వారం రోజుల నుంచీ నేల మీద నడవడం లేదు. 

"అయిపోయింది, చూడండి" అని పోస్టర్ ఎత్తి గోడకి ఆనించింది. నర్సు టోపీలో ఆవిడ బొమ్మ. కింద బంగారు గ్లిటర్‌తో ఇంతింత అక్షరాలు: ఎర్లీన్.

"ఒక్క పేరే రాశావేం?" అని అడిగాను.

"పెద్ద పెద్ద సింగర్లకి ఒక్క పేరే ఉంటుంది కదా. స్టార్లకి ఇంకేమీ అక్కర్లేదు."

"భలే ఉంది" అన్నాను. ఆ మాటన్నందుకు ఇప్పటికీ చెంపలేసుకుంటున్నాను.

అప్పుడే మిసెస్ టాలివర్ ఓవెన్లో కాల్చిన రెండు తీపి చిలగడదుంప పైలు పట్టుకుని హాల్లోకి వచ్చారు. ఇంకా వేడి తగ్గలేదు వాటికి. పిల్లలు ఎగబడ్డారు. ఆవిడ నవ్వుతూ వాళ్ళని తప్పించుకుని నాలుగడుగులు వేసి, పోస్టర్ ముందు ఆగిపోయారు. కళ్ళజోడు సరిచేసుకుని చూశారు. మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"రంగులు బాగా పడ్డాయి, తల్లీ" అన్నారు.

పైలు బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయారు. మామూలుగా అయితే ప్రతి పిల్లాడూ రెండో ముక్క తినేదాకా కదిలే మనిషి కాదు.

అరగంట తర్వాత నాకు ఫోన్ వచ్చింది.

"రోండా, రేపు నేను రావడం లేదు. నాకు ఒంట్లో బాగుండదు."

"రేపు బాగుండదని ఇవాళే ఎలా తెలిసింది, మిస్ ఎర్లీన్?"

"నలభై ఏళ్ళు నర్సుగా చేశాను. నాకు తెలుస్తుంది" అని పెట్టేశారు.

జరియా నా పక్కనే నిలబడి అంతా వింది. "ఆవిడ రాకపోతే నేను ఎవరి గురించి చెప్పను?" అంది. "నేనేం చేశాను, మిస్ రోండా?"

నాకూ అర్థం కాలేదు. గ్లిటర్ ఎక్కువైందేమో అని టోబయస్ అన్నాడు. కాస్త ఆగి సాయంత్రం కనుక్కుందాం అన్నాను నేను. ఆ పిల్ల అప్పటికే పోస్టర్ చుట్టచుట్టి, కోటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఇంకేం చేస్తాను, నేనూ బయల్దేరాను.

మిసెస్ టాలివర్ తలుపు తీసి, మమ్మల్ని చూసి, "రండి, కాళ్ళు తుడుచుకుని రండి" అన్నారు. వంటింట్లో కూర్చున్నాం.

జరియాయే మొదలుపెట్టింది. "మిస్ ఎర్లీన్, నా పోస్టర్ చూసి మీరు బాధపడ్డారు. ఎందుకో నాకు తెలీలేదు. చెబితే సరిచేస్తాను."

ఆవిడ లేచి లోపలికెళ్ళి, తెల్లటి యూనిఫాం ఒకటి తెచ్చి బల్ల మీద పరిచారు. పాతబడి పసుపు రంగుకి తిరిగిన బట్ట. జేబు మీద నీలం దారంతో కుట్టిన అక్షరాలు: మిసెస్ ఈ. టాలివర్.

"వార్డులో ఎనిమిది మంది నర్సులం ఉండేవాళ్ళం" అన్నారు. "ఏడుగురి బ్యాడ్జీల మీద మిస్ ఫలానా, మిసెస్ ఫలానా అని ఉండేది. నా బ్యాడ్జీ మీద ఒట్టి ఎర్లీన్."

"పొరపాటున అలా వచ్చిందా?"

"పొరపాటు కాదు తల్లీ. అప్పట్లో ఊరంతా అంతే. మా అమ్మకి అరవై ఏళ్ళు. దుకాణంలో నీ ఈడు తెల్లపిల్లలు కూడా ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్ళు. వాళ్ళని మాత్రం ఈవిడ మిస్ అనాలి, మిస్టర్ అనాలి. ఆ ఒక్క మాట మాకిస్తే వాళ్ళ సొమ్మేదో కరిగిపోయినట్టు."

"మరి మీరేం చేశారు?"

"బ్యాడ్జీ డ్రాయర్లో పడేశాను. జేబు మీద నా పేరు నేనే కుట్టుకున్నాను. హెడ్ నర్సు చూసి విప్పేయమంది. విప్పేశాను. సోమవారం మళ్ళీ కుట్టుకొచ్చాను."

"మళ్ళీ విప్పమన్నారా?"

"అనకుండా ఉంటుందా? మళ్ళీ విప్పాను. మళ్ళీ కుట్టాను. మొత్తం పద్నాలుగు సార్లు. ఆఖరికి ఆవిడకే విసుగొచ్చింది." మిసెస్ టాలివర్ నవ్వారు. "ఒకరోజు మంచం మీదున్న ముసలి రైతు, తెల్లాయనే, నా జేబు చదివి, 'మిసెస్ టాలివర్, కాసిని మంచినీళ్ళు ఇస్తారా' అన్నాడు. నీళ్ళిచ్చి, బయటికెళ్ళి ఏడ్చాను."

జరియా జేబు మీద వేలు పెట్టి చూసింది. అక్షరాల చుట్టూ జల్లెడలా సన్నటి సూది బెజ్జాలు.

"నువ్వు ప్రేమతోనే రాశావు, నాకు తెలుసు" అన్నారు ఆవిడ. "మిస్ ఎర్లీన్ అని పిలుస్తావు, అది నాకు ఇష్టం. కానీ గోడ మీద ఒట్టి ఎర్లీన్ కనబడేసరికి, ఆ బ్యాడ్జీ మళ్ళీ నా గుండెల మీద పెట్టినట్టయింది. అందుకే వచ్చేశాను."

నేను తల దించుకున్నాను. ముప్ఫై ఆరేళ్ళదాన్ని. మా అమ్మ నాకు ఈ మర్యాదలన్నీ నేర్పింది. ఎందుకు నేర్పిందో ఎప్పుడూ అడగలేదు.

జరియా కళ్ళు తుడుచుకుని, "మీ దగ్గర నీలం దారం ఉందా?" అంది.

పోస్టర్ ఒళ్ళో పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. దళసరి కాగితం కదా, సూది ఒక పట్టాన దిగదు. ఎర్లీన్‌కి ముందు మిసెస్ అని ఇంగ్లీషులో మూడక్షరాలు, వెనక టాలివర్ అని ఎనిమిది. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. మిసెస్ టాలివర్ సూదిలో దారం ఎక్కించడం నేర్పారే తప్ప, ఒక్క కుట్టు కూడా వేసిపెట్టలేదు.

"వంకర పోయిందా? విప్పు. మళ్ళీ కుట్టు" అన్నారు. "ఇందులో నాకు మంచి అనుభవం ఉంది."

ఎండ పోయే వేళకి పదకొండు అక్షరాలూ పూర్తయ్యాయి. ఒకటి గోడ కూలినట్టు పక్కకి ఒరిగింది.

"రేపు వస్తారా?" అని అడిగింది జరియా.

"చూద్దాం, ఒంట్లో ఎలా ఉంటుందో" అన్నారు ఆవిడ.

ఆదివారం హాలు కిటకిటలాడింది. మిసెస్ టాలివర్ ఊదా రంగు టోపీ పెట్టుకుని వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. టోబయస్ రెక్కల్లో ఒకటి మెట్ల మీదే ఊడిపోయింది. అయినా వాడు ఒంటిరెక్కతోనే ఎగిరాడు. తర్వాత జరియా తన పోస్టర్ పక్కన నిలబడి, ఆ యూనిఫాం కథంతా తడుముకోకుండా చెప్పింది. 

చివర్లో ఆసుపత్రి పెద్దాయన షీల్డు పట్టుకుని మైకు ముందుకి వచ్చాడు. మంచివాడే. కాకపోతే ఆలస్యంగా వచ్చి, వెనక తలుపు దగ్గర ఎవరితోనో మాట్లాడుతూ ఉండిపోయాడు. ఆ పిల్ల చెప్పింది ఒక్క ముక్క కూడా వినలేదు.

నోరారా నవ్వుతూ, "ఇప్పుడు మన ఎర్లీన్‌ని పైకి పిలుద్దాం" అన్నాడు. "రా, ఎర్లీన్."

మిసెస్ టాలివర్ లేవలేదు. ఒళ్ళో సంచి మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నారు. నేను లేవబోయి ఆగిపోయాను. అతిథి కదా, నలుగురిలో ఎలా చెప్పడం అని సంకోచం.

జరియా నడుచుకుంటూ మైకు దగ్గరికి వెళ్ళింది. అది తన తల కంటే ఎత్తులో ఉంది.

"సార్" అంది గట్టిగానే. "ఆవిడ పేరు మిసెస్ టాలివర్. మీ ఆసుపత్రిలోనే పద్నాలుగు సార్లు కుట్టుకున్న పేరు."

"చెప్పు తల్లీ, చెప్పు" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు.

ఆయన మొహం ఎర్రబడింది. పోస్టర్ వైపు తిరిగి నీలం దారం అక్షరాలని చివరిదాకా చదివాడు. గొంతు సవరించుకున్నాడు.

"క్షమించండి" అన్నాడు. "మిసెస్ ఎర్లీన్ టాలివర్, దయచేసి స్టేజి మీదకి రండి."

హాలంతా లేచి నిలబడింది. ఆ చప్పట్లకి నా ఒళ్ళు పులకరించింది. ఆవిడ నిదానంగా లేచి, టోపీ సర్దుకుని, మెట్ల దాకా వచ్చారు. పెద్దాయన చెయ్యి అందించబోయాడు. ఆవిడ ఆ చెయ్యి అందుకోలేదు. జరియా వైపు తిరిగారు.

"మిస్ జరియా బాండ్" అన్నారు అందరికీ వినబడేలా. "కాస్త మెట్లెక్కిస్తారా?"

పదేళ్ళ పిల్ల వెన్ను నిటారుగా పెట్టి, ఆవిడకి చెయ్యి అందించింది.