హంసల అంచు

కందవాడ నగరమంటే ఒకప్పుడు ఎంత వైభవం! వీధి వీధినా మగ్గాల చప్పుడు, ఏటి గట్టు పొడవునా ఆరవేసిన ఎర్రని వస్త్రాలు, పడమటి కనుమ దాటి అశ్వగిరి రాజ్యానికి సాగిపోయే ఎడ్లబండ్ల బారులు. వస్త్రం అటు పోయేది, గుర్రం ఇటు వచ్చేది.

ఆ కలిమికి పోగాలం దాపురించింది. "ప్రభూ! వారి గుర్రాలపై సుంకము మూడింతలు చేయుడు, బొక్కసము నిండును" అని మహామంత్రి నూంకనామాత్యుడు రాచవిభునికి నూరిపోశాడు. అశ్వగిరి ఊరుకుంటుందా? కందవాడ వస్త్రాన్ని కనుమ దాటనీయమంది. పస్తులుండలేక సాలెలు నేసినది నేసినట్టు ఎవరో బేరగాళ్ళకు కారుచౌకగా తెగనమ్ముకున్నారు. కొత్త గుర్రమన్నది రాలేదు. అదను చూసి అశ్వగిరి సేన కనుమకోటను ముట్టడించింది.

కోటను కాచే ఎర్రపోత నాయకునికి మిగిలినవి ముసలి గుర్రాలు. "అశ్వదళమును పంపుచున్నాను" అన్న మంత్రి మాట నమ్మి నిలిచాడు, పిచ్చి మహానుభావుడు!

ఒక ఉదయం పట్టుబడిన శత్రుభటుని తలపాగా చూసి నాయకుడు నివ్వెరపోయాడు. అంచున హంసలు! ఏటేటా ఉగాదినాడు రాజే కొత్త అంచును ఎంచి, తొలి వస్త్రాన్ని తన భుజాన ధరించడం కందవాడ ఆచారం. హంసల అంచు ఈ ఏటిది, కనుమ మూతపడ్డాక నేసినది.

"ఇది నీకెక్కడిదిరా?"

"మీ మంత్రిగారి బండ్లే తెచ్చాయి దొరా, అడవి దారిన. ఆంక్ష పుణ్యమా అని మా ఊళ్ళో పదింతల ధర."

"ఆ దారి మీ సేనకు తెలియునా?"

"ఈపాటికి సగం దిగే ఉంటారు."

 నాయకుడు తలపాగాను దూత చెన్నని చేతిలో పెట్టాడు. "చెన్నా! ఎర్రపోతడు ఓడలేదు, అమ్ముడుపోయినాడని ప్రభువునకు విన్నవింపుము. ఎదుటివాని కత్తికి ఓర్తును. మనవాడే సాలెల నోట మట్టికొట్టి నా వెన్నుకు బేరమాడెనే, దీనికెట్లు ఓర్తును? నగరమందలి సాలెలను ఏరు దాటింపుము. అంతవరకు ఆ దారికి నేను అడ్డుగా నిలుతును."

కొలువులో దూత మంత్రి బండ్ల సంగతి చెప్పి విప్పిన గుడ్డను చూసి, రాజు తన భుజాన్ని చూసుకున్నాడు. అవే హంసలు. పక్కనే నిలిచిన నూంకన మెల్లగా వెనక్కు జరిగాడు. ఆ పూటే వాడి తల తెగింది, గుర్రాల సుంకం ఎత్తేశారు, సంధి కుదిరింది, కనుమ తెరుచుకుంది.

ఏం లాభం? నాయకుడు అప్పటికే అడవి దారిలో ఒరిగిపోయాడు. ఏరు దాటిన సాలెలు, ఎవరెన్ని కబుర్లు పంపినా, మళ్ళీ రాలేదు. తెరిచిన కనుమ దాటించడానికి కందవాడలో మూరెడు గుడ్డ లేదు.