నొప్పిచొక్కా చెప్పిన కారణం

పదకొండు గంటలకు రేవు నడుపుశాలలో నలభై మంది క్రేన్ డ్రైవర్ల భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. ఎవరూ కావాలని దింపలేదు, చొక్కాలు దింపాయి. గంటకోసారి అవి మెడనూ వీపునూ వెచ్చగా అదిమి వదులుతాయి. ఆ అర నిమిషం క్రేన్లు కూడా గాలిలో ఆగుతాయి.

కాగితాల మీద దాని పేరు కండరరక్షక వస్త్రం. విశాఖలో ఆ పేరుకు నోరు తిరిగేవాళ్ళెవరు? అందరూ నొప్పిచొక్కా అనే అన్నారు. గంటల తరబడి ఒకే తీరున బిగిసిన కండరంలో కొన్ని పోగులు సడలడం మరిచిపోయి కందిగింజంత ముడి కడతాయి. కొన్ని ముడులు నిద్రపోతూ ఉంటాయి, వేలితో నొక్కితే తప్ప తెలియవు. మేలుకున్న ముడి మహా టక్కరిది. తనున్న చోట ఊరుకుని ఇంకెక్కడో నొప్పి పుట్టిస్తుంది. మెడలో ముడి పడితే కంటి మీద పోటు, భుజంలో పడితే చేయంతా లాగుడు. దీన్ని దూరపు నొప్పి అన్నారు. నొప్పి ఉన్నచోటల్లా మందు రాసుకుని తరతరాల జనం విసిగిపోయారు. రాత్రీ పగలూ ఒంటి మీదే ఉండే చొక్కా అసలు ముడిని వెతికి పట్టుకుని సడలించేది. అది వచ్చిన పదేళ్ళకు కొట్లలో నొప్పి బిళ్ళలు కనబడటం మానేశాయి.

ఆ రోజు నడుపుశాలలో నూకరత్నానికి శాలువా కప్పారు. కుర్చీలోంచి కదలకుండా మూడు క్రేన్లు నడిపే మనిషి, చొక్కా ఎంత సడలించినా ఏళ్ళ తరబడి కుడికన్ను మీద పోటుతో బాధపడిన మనిషి, నొప్పి లేకుండా వంద రోజులు పూర్తి చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"శాలువా కప్పితే ఆ ఏడుపు ముఖమేటే?" అంది పక్క కుర్చీ బంగారమ్మ.

"ఏటీ లేదే" అంది నూకరత్నం.

లేకేం! ఆమె మొగుడు పైడిరాజు ఆమెతో మాట్లాడి కూడా సరిగ్గా అన్ని రోజులే అయింది.

ఒకప్పుడు చేపల జెట్టీ మీద వేలం పాట పాడింది అతనే. అతను ధర పిలిస్తే నడిసముద్రంలో పడవకు వినబడేదని చెప్పుకునేవారు. గొంతుకు ఆపరేషన్ అయ్యాక గుసగుస మాత్రం మిగిలింది. గొంతు పెంచే పరికరం పెడతామంటే, ఆ మరగొంతు నాది కాదని తోసేశాడు. గొంతు తగ్గింది గానీ కబుర్లు తగ్గలేదు. మధ్యాహ్నం రెండు దాటాక ఆమె ఇంటికి రాగానే ఇద్దరూ పక్కపక్కన కంచాలు పెట్టుకునేవారు. వంజరం చేప దగ్గర ఎవరు ఎవరి జుట్టు పట్టుకున్నారో, ఏ సేటు ఎలా నత్తుతాడో అతను చేసి చూపిస్తుంటే ఆమెకు నవ్వి నవ్వి పొలమారేది. రోజంతటిలో ఆమె ఎదురుచూసేది ఆ గంట కోసమే.

అలాంటివాడు ఒక్కసారిగా నోరు కట్టేసుకున్నాడు. ఆమె వచ్చేసరికి తినేసి, వెనక వసారాలో అటు తిరిగి కూర్చునేవాడు. అడిగితే తల ఊపడమే. ఆమె అరిచింది, అలిగింది, ఒకపూట పస్తు కూడా ఉంది. "నానేటి తప్పు సేసినానో సెప్పు మావా" అని చేతులు పట్టుకుంటే, తల నిమిరి అవతలికి వెళ్ళిపోయాడు. యాభై మూడేళ్ళ వయసులో మొగుడి మీద అనుమానం కూడా పడింది. ఆ మాట పైకి చెప్పుకుంటే సిగ్గుచేటని ఊరుకుంది.

వంద రోజుల పరీక్ష కోసం పని దిగగానే డాక్టర్ కనకవల్లి గదికి వెళ్ళింది.

"మీ ఆయనకు కూడా ఒక శాలువా కప్పాలమ్మా" అంది డాక్టర్ నవ్వుతూ. "ఇంత బాగా సహకరించేవాళ్ళను నేను చూడలేదు."

"ఆడేటి సహకరించేడు?"

డాక్టర్ తెర ఆమె వైపు తిప్పింది. దాని మీద చొక్కా రాసిన కారణపట్టిక ఉంది. మెడ ముడి మేలుకునే సమయం: మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడున్నర వరకు. ఆ సమయంలో దగ్గర ఉన్నవారు: పైడిరాజు. సూచన: ఆయనతో సామీప్యం, సంభాషణ తగ్గించాలి.

"ఆదివారం ఆదివారం మీ ఇంటి గోడ మీది పలక ఇది చదివి వినిపిస్తుంది కదా, మీరు వినలేదా?"

ఆదివారం ఉదయాలు నూకరత్నం బజారులో ఉంటుంది. ఇంట్లో ఉండేది అతనొక్కడే. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"మా మావ నాకు నొప్పా? ఎవులు సెప్పేరమ్మా మీకు? ఆడి మాటలు ఇంటేనే గదా నాకు పేనం లేచొచ్చేది!"

కనకవల్లి తెరను పక్కకు తిప్పేసింది. తరవాత, చొక్కాలు వచ్చాక డాక్టర్లందరూ మానేసిన పని చేసింది. అడిగింది.

"ఆయన మాట్లాడేటప్పుడు మీరెలా కూర్చుంటారు? ఒకసారి చూపించండి."

నూకరత్నం కింద కూర్చుని చూపించింది. కుడిపక్కన లేని మొగుడి నోటి దగ్గరికి చెవి చేర్చి, మెడ వంచి, భుజం పైకెత్తింది. డాక్టర్ ఆ మెడ మీద బొటనవేలు ఆనించి నొక్కింది. కుడికన్ను పైన చురుక్కుమంది.

"అదిగో, ఇంకా ఉంది, నిద్రపోతోంది. గంటసేపు ఇలా వంగితే ఎవరికైనా ముడి పడుతుందమ్మా. పక్కన కాకుండా ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంటే సరిపోయేది."

"ఆ ముక్క ఈ సొక్కాకు తెలీదేటి?"

"ఎవరున్నారో చూస్తుంది. మీరెందుకు వంగారో చూడదు" అంది కనకవల్లి తల దించుకుని.

నూకరత్నం ఇంటికి పరుగున వచ్చింది. వసారాలో ఉన్న పైడిరాజు ఎదురుగా మోకాళ్ళు తగిలేలా చతికిలబడి, నవ్వుతూ ఏడుస్తూ అంతా చెప్పింది. వింటున్నంతసేపూ అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు సెప్పకుండా నీకు నువ్వే శిచ్చ ఏసేసుకున్నావా, పిచ్చి మావా! ఇప్పుడు మాటాడు. సూడు, మెడ తిన్నగా ఎట్టినాను."

పైడిరాజు నోరు తెరిచాడు. "ఆ సేటు లేడూ..." అని గుసగుసగా మొదలెట్టాడు. ఆ గొంతు వినగానే ఆమెకు ఏడుపు ఆగలేదు, భుజాలు కుదిలిపోయాయి. చొక్కా కాలరు మీద కండరాల బిగువు చూపించే చిన్న దీపం పచ్చ నుంచి పసుపుకు మారింది. అతను టక్కున ఆగిపోయాడు.

"నొప్పెడతాందా?"

"నేదు మావా, నీ మీదొట్టు. ఏడుపొచ్చీసింది, అంతే."

అది అక్షరాలా నిజం. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఏది చెప్పినా అతను మారు మాట లేకుండా నమ్మాడు. ఇప్పుడు మాత్రం అతని చూపు ఆమె తల మీదుగా గది గోడ మీదున్న పలక దగ్గరికి వెళ్ళింది. పలక ఆదివారం గానీ నోరు విప్పదు. ఆ రోజు మంగళవారం.

"ఆదోరం దాకా ఆగుదారిలే" అని లేచి, వసారా చివరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

నూకరత్నానికి దుఃఖం కన్నా కోపమే ముందొచ్చింది. "ఇన్నేళ్ళు నీతో కాపురం సేసినాను. నా మాట కన్నా ఆ గోడ మాటెక్కువైపోనాదేటి మావా?" అని గొంతు చించుకుని అరిచింది.

పైడిరాజు గాభరాగా వెనక్కి తిరిగాడు. పెదవుల మీద వేలు పెట్టుకుని, అరవొద్దన్నట్టు ఆమె మెడ వైపు చూపించాడు.