అబద్ధమాడని చుక్క

"సెలవు మంజూరు. రేపటి నుంచి మూడు రోజులు."

ఫోన్ మీద ఆ కబురు చదివిన అతీక్, ఖమ్మంలోని తన కిరాయి ఇంటి మెట్లు మూడంతస్తులూ ఒక్క ఊపులో ఎక్కేశాడు. నిఖా అయి ఇరవై రెండు రోజులైంది. సనోబర్‌తో కలిసి వరుసగా మూడు పూటలు తిన్న రోజు ఒక్కటీ లేదు.

తలుపు తీసిన సనోబర్ కబురు విని గంతేసింది. ఆ వెంటనే భర్త వేలు పట్టుకుని సూదితో పొడిచింది.

"అబ్బా! ఇదేం ముబారక్?"

"కదలకుండ్రి సాబ్. గిట్ల ఉరికొచ్చిన మనిషి మళ్ల దొరకడు."

ఆమె కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతుంది. చేతిలో అగ్గిపెట్టెంత ల్యాక్టేట్ మీటర్. తెర మీద 8.1 అని పడింది.

"పొద్దున కూసున్నప్పుడు ఒకటి పాయింట్ రెండు, చూసిన్రా? కండరం జోరుగ పనిచేస్తే గ్లూకోజ్‌ను ల్యాక్టేట్ చేసి రక్తంలకు తోస్తది. ఇరవై నిముషాలు కూసుంటే సగానికి పడ్తది. నోరు అబద్ధమాడ్తదేమో గని, ఈ చుక్క ఆడది."

అప్పుడే ఫోన్ మళ్లీ మోగింది. కళావతి మేడం. అతను పనిచేసే నిఘా విభాగం చీఫ్.

"తేజ రకం వచ్చిందా?"

"తాలు మాత్రమే మిగిలింది మేడం."

మిర్చి యార్డు ఉన్న ఊళ్లో, మిర్చి బేరంలా వినిపించే ఈ కోడ్ ఎవరు విన్నా తల తిప్పరు.

"సెలవు రేపటి నుంచి కదా? ఇవాళ ఇంకా ఉంది," అంది కళావతి. "దుమ్ముగూడెం దారిలో, అడవి అంచున మన రీసెర్చ్ క్యాంప్. ఊరివాళ్లు నలభై మంది పన్నెండు వారాలు మెట్ల మీద పరుగులాంటి ఎక్సర్‌సైజ్ చేసి, తొడ కండరంలోంచి గోరంత ముక్కలు ఇచ్చారు. కదిలే కండరంలో ఏఎంపీకే అనే ఎంజైమ్ మేలుకుంటుంది. అది మేలుకుంటే కణం ఇన్సులిన్ కోసం ఆగకుండా షుగర్‌ను లోపలికి లాక్కుంటుంది. దాన్ని తట్టి లేపే కొత్త ప్రోటీన్ జాడ ఆ ముక్కల్లో దొరికింది."

"షుగర్ మందన్నమాట."

"మందుకు దారి. మందంటూ వస్తే ముందు ఆ ఊళ్లకే, ఉచితంగా. అది ఒప్పందం. కోబాల్ట్ అనే విదేశీ ముఠాకు ఆ దారి మీద పేటెంట్ తమ పేరున కావాలి. వాళ్ల మనిషి నాలుగింటికి వ్యాన్‌లో వస్తున్నాడు. ముక్కలు ఉన్నది ఒక్క ఫ్లాస్క్‌లో, లిక్విడ్ నైట్రోజన్ చల్లదనంలో. మైనస్ ఎనభై దాటి వేడెక్కిందా, జాడలన్నీ చెరిగిపోతాయి. క్యాంప్‌లో మన ఏజెంట్ డాక్టర్ మంజీర ఉంది. కోడ్ ఇదే. నువ్వు నైట్రోజన్ తెచ్చే వీరబాబువి. బయల్దేరు."

సనోబర్ ఏ ఊరని అడగలేదు. మీటర్‌ను అతని చొక్కా జేబులో వేసి, పైన రెండు ఖర్జూరాలు కూడా వేసింది.

*

మూడుంపావుకు నైట్రోజన్ బండి క్యాంప్ ముందు ఆగింది. ఖాకీ చొక్కా, పెట్టుడు మీసం, మెడలో తువ్వాలు. గేటు దగ్గర కానిస్టేబుల్ రమణ రిజిస్టర్ ముందుకు తోశాడు. అతీక్ వీరబాబు అని సంతకం చేసి లోపలికి నడిచాడు.

ల్యాబ్ గది తలుపు తెరిచే ఉంది. ఫ్లాస్క్ ఉండాల్సిన చోట గుండ్రటి తడి మచ్చ. నేల మీద, చేతులు ముందుకు కట్టేసి ఒక యువతి. చెదరని లిప్‌స్టిక్, పట్టులాంటి జుట్టు, కాళ్లకు ఖరీదైన స్పోర్ట్స్ షూ.

"తేజ రకం వచ్చిందా?" అన్నాడు అతీక్ గుసగుసగా.

"తాలు మాత్రమే మిగిలింది." డాక్టర్ మంజీర కళ్లలో నీళ్లు. "ఒంటిగంటకు వెనక కంచె దాటి ఇద్దరొచ్చారు. ముసుగులు. ఏదో ఇంజక్షన్ చేశారు. రెండు గంటలుగా ఇలాగే పడున్నాను. బైక్ మీద గోదావరి వైపు వెళ్లారు. మీరు త్వరగా వెళ్లండి!"

అతీక్ లేచాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. రెండు గంటలు మత్తులో పడున్న మనిషి కోడ్ అంత చురుగ్గా చెప్పగలదా? వెనక్కి వచ్చి జేబులోంచి మీటర్ తీశాడు.

"మత్తు ఎంత మిగిలిందో చూడాలి డాక్టర్. ఒక్క చుక్క."

ఆమె వద్దనేలోపే సూది దిగింది. పదిహేను సెకన్లు. మంజీర చూపు మొదటిసారి ఆ చిన్న తెర మీద పడింది. ఆ డబ్బా ఏమిటో ఆమెకు తెలుసు. ముఖంలో రంగు మారింది.

11.4.

"రెండు గంటలు పడుకున్న కండరాలు ఇంత పని చేయవు," అన్నాడు అతీక్. "పది నిమిషాల క్రితం దాకా మీరు పరుగెత్తుతున్నారు. వెనక దారిన బరువుతో వెళ్లి, ఉరుకుతూ తిరిగొచ్చి, మీ చేతులు మీరే కట్టుకున్నారు."

తాడు ఇట్టే జారింది. ఆమె చేతిలో లిప్‌స్టిక్ గొట్టం మెరిసింది. అందులోంచి మిరియాల ఘాటు చిమ్మింది. అతీక్ తువ్వాలు అడ్డం పెట్టి ఆమె మణికట్టు మెలిపెట్టాడు. రమణ పరుగున వచ్చి బేడీలు వేశాడు.

మంజీర నవ్వింది. "కోబాల్ట్ వాళ్లు మీ చీఫ్‌కన్నా బాగా చూసుకుంటారు. చుట్టూ కిలోమీటరు అడవి. ముప్పై నిమిషాలు. వెతుక్కోండి."

గుమ్మంలో ఒక నలభై ఏళ్ల స్త్రీ నిలబడి అంతా వింటోంది. జంపక్క. ఆఖరి టెస్ట్ కోసం వచ్చింది. ఊళ్లో నలభై మందినీ ఒప్పించింది ఆమే.

"ఫ్లాస్క్ పోయిందా సారూ?" ఆమె లోపలికి వచ్చేసింది. "తొడల కండ తీసే సూదికి భయపడి ముసలోళ్లు ఏడ్సిన్రు. నేనే చెయ్యి పట్టుకొని కూసోబెట్టిన. మన బిడ్డలకు మందొస్తదని మాటిచ్చిన. ఇప్పుడు ఏ మొకం వెట్టుకొని ఊళ్లెకు పోవాలె?"

"వచ్చే దారిలో ఏమన్నా చూసినవా అక్కా? కొత్తది, తేడాగా ఉన్నది?"

"ఏముంది? ఇయ్యాల రెస్ట్ అన్నరు, అందుకే ఉరకలే. ఆరు కిలోమీటర్లు ఉత్తగ నడిసొచ్చిన." వచ్చిన దారిని వేళ్ల మీద లెక్కేసుకుంది. "కల్లంల ఆరబెట్టిన మా వరుస కట్టలు, బీడీల తునికాకు కట్టలు, ఎవరో కుప్ప పోసిన్రు. వాపసు పోయేటప్పుడు తిట్టిపోద్దామనుకున్న."

"కుప్ప పోస్తే ఏమైతది?"

"ఆకు ఎండకముందు కుప్ప పోస్తే బూజు పడ్తది సారూ! ఒక్కో కట్ట ఇడిగా పరుస్తం. ఒకరి వరుస ఇంకొకరు ముట్టరు. మావోళ్లెవ్వరు చేసే పని గాదది."

మంజీర నవ్వు ఆగిపోయింది. అతీక్‌కు అది చాలు.

*

కల్లం ఎనిమిది వందల మీటర్ల దూరం. సగం దారిలోనే వ్యాన్ చప్పుడు వినిపించింది. నాలుగు కాకముందే వచ్చేశాడు! అతీక్ వేగం పెంచాడు. మడమ పైన నరం చురుక్కుమంది. కాలు కుంటుపడింది.

జంపక్క అతన్ని దాటిపోయింది. పన్నెండు వారాల మెట్ల పరుగు ఆమె పిక్కల్లో, మడమల్లో పోగుపోగుగా కొల్లాజెన్ అల్లిపెట్టింది.

ఆకు కొనే సేటు వేషంలో ఉన్న కోబాల్ట్ మనిషి కుప్ప విప్పి ఫ్లాస్క్ ఎత్తుతున్నాడు. జంపక్క వెళ్లి రెండు చేతులా దాన్ని కౌగిలించుకుంది.

"వదులు!"

"నా వరుసల చెయ్యి పెట్టినవ్. నువ్వు వదులు!"

పెనుగులాటలో, తొందరలో సరిగా బిగించని మూత ఎగిరిపోయింది. ఫ్లాస్క్ పక్కకు ఒరిగి, తెల్లటి పొగ ఆకుల మీద పారింది. ఫ్లాస్క్‌కున్న చిన్న తెర మీద ఉష్ణోగ్రత అంకెలు పరుగెత్తాయి. మైనస్ నూట పది. తొంభై ఆరు. అలారం కూత.

వాడు చేయి నడుము దగ్గరికి పోనిచ్చాడు. అతీక్ ఒంటికాలి మీదే దూకాడు. ఇద్దరూ కట్టల మీద దొర్లారు. తుపాకీ ఆకుల్లో పడింది. అతీక్ మోచేయి వాడి దవడ మీద దిగింది.

"మూత! అక్కా, మూత!"

జంపక్క చీర కొంగు చేతికి చుట్టుకుని మూత పెట్టి తిప్పింది. ఒక చుట్టు. రెండు. మూడు.

అంకె ఆగింది. మైనస్ ఎనభై ఒకటి. తర్వాత, మెల్లగా, ఎనభై రెండు.

జంపక్క కింద కూర్చుని గట్టిగా ఊపిరి వదిలింది. ఆపైన చెల్లాచెదురైన కట్టలన్నీ చూసి, స్పృహలేని సేటును మనసారా తిట్టడం మొదలుపెట్టింది.

*

బండిలోని కొత్త నైట్రోజన్‌తో ఫ్లాస్క్ నిండింది. జంపక్క ముక్కలున్న నలభై గొట్టాలూ చూసుకుని, చెప్పిన మాట నిలబడిందని ఊరికి కబురు పంపింది. ఊళ్ల నుంచి తిరిగొచ్చిన క్యాంప్ డాక్టర్ అతీక్ మడమ నొక్కి చూశాడు.

"తెగలేదు, సాగింది. కండరాన్ని ఎముకకు కట్టే టెండన్ దెబ్బ తింటే, దాంట్లో మొదటి రోజు పాత కొల్లాజెన్ కరగడమే ఎక్కువ. కొత్తది అల్లుకునేది ఆ తర్వాతే. రేపు పరుగు, దూకడం బంద్."

అతీక్ ఇంటికి ఫోన్ చేశాడు. మీసం అప్పటికే సగం ఊడింది. ఖర్జూరాలు మాత్రం జేబులో భద్రం.

"భద్రాచలం దగ్గర ఉన్నా. కాలు కొంచెం..."

"ఏంది? ఎంత కొంచెం?" సనోబర్ అంతా విని వెంటనే తేల్చేసింది. "సరే, ఇనుండ్రి. రేపు పొద్దున ఆరింటి బస్సుకు నేనే వస్త. గోదావరి గట్టున చాప వేసుకొని పొద్దుగూకే దాక కూసుందాం. నేను బిర్యానీ తెస్త. మీరు ఒక్క అడుగు వేయొద్దు."

"వేయను. ఒట్టు."

"ఒట్టెందుకు సాబ్? మీటర్ మీ జేబులనే ఉంది గద. దిగంగనే వేలు పొడుస్త."